వచ్చినవారు, వెళ్ళినవారు: ముల్కీ భావన వెలుగులో తెలంగాణ వలస సాహిత్యం

వ్యాససంగ్రహం

తెలంగాణ సాహిత్య విమర్శ వలసను రెండు వేర్వేరు అధ్యాయాలుగా చదువుతూ వస్తోంది. బయటి ప్రాంతాల నుంచి హైదరాబాదుకూ తెలంగాణ పల్లెలకూ వచ్చినవారి ప్రస్తావన ప్రాంతీయ అస్తిత్వ చర్చలో కనిపిస్తుంది. తెలంగాణ నుంచి బతుకుతెరువు కోసం వెళ్ళినవారి ప్రస్తావన వలస సాహిత్యం, గల్ఫ్ సాహిత్యం అనే శీర్షికల కింద కనిపిస్తుంది. ఈ విభజనకు మూలం సాహిత్యంలో లేదు. 1919 నాటి ముల్కీ నిబంధనలు స్థిరపరచిన చూపులో ఉంది. ఆ చూపు ప్రభుత్వ కొలువుకు పోటీపడేవాడిని గుర్తిస్తుంది. పోటీ దాకా రాలేని శ్రామికుడిని గుర్తించదు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, నవీన్ ‘అంపశయ్య’ నవలలను, తర్వాతి కాలపు మాండలిక కవిత్వాన్ని, గల్ఫ్ వలస రచనలను ఒకే ప్రశ్న ముందు నిలిపి ఈ ఖాళీని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ముల్కీ, నాన్‌ముల్కీ, స్థానికత, వలస, మాండలికం, అంపశయ్య, చిల్లర దేవుళ్లు, గల్ఫ్, నితాఖత్.

1. ఉపోద్ఘాతం

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. తొలి సంవత్సరాల్లో గన్‌ఫౌండ్రీ పరిసరాల్లో నడిచి, తర్వాత అడిక్‌మెట్‌కు తరలింది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది. ప్రాంగణానికి ఒకవైపు అడిక్‌మెట్, విద్యానగర్, మరొకవైపు తార్నాక. తీగల కంచె వేసిన నాకా ఉన్న చోటు కాబట్టి ‘తార్ నాకా’ అనే పేరు వచ్చిందని ప్రచారంలో ఉన్న వివరణ. ఆ వ్యుత్పత్తి ఎంతవరకు నిజమైనా, లోపలివారెవరు, బయటివారెవరు అనే ప్రశ్న ఈ ప్రాంగణాన్ని ఏనాడూ విడిచిపెట్టలేదు. 1938లో వందేమాతర గీతం పాడినందుకు బహిష్కృతులైన విద్యార్థులు చదువు కోసం నాగపూరు వెళ్ళవలసి వచ్చింది, పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. 1952లో, 1969లో, 2009 తర్వాత ఇదే ప్రాంగణం ప్రాంతీయోద్యమాలకు కేంద్రమైంది.

తార్నాక పరిసరాలను గమనిస్తే మరొక విశేషం తెలుస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ, భారత రసాయన సాంకేతిక సంస్థ, సీసీఎంబీ, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, రైల్వే ఉద్యోగుల నివాసాలు అక్కడికక్కడే ఉన్నాయి. వీటిలో పనిచేసేవారు, చదివేవారు దేశం నలుమూలల నుంచి వచ్చారు. బెంగాలీ శాస్త్రవేత్త, తమిళ రైల్వే ఉద్యోగి, మలయాళీ అధ్యాపకుడు ఇక్కడ దశాబ్దాలుగా నివసిస్తున్నారు. ముల్కీ నిబంధనలు కేంద్ర సంస్థల కొలువులకు వర్తించవు. ఉద్యమ నినాదాలు కూడా ప్రధానంగా వీరిని ఉద్దేశించినవి కావు. గుంటూరు నుంచో కృష్ణా జిల్లా నుంచో వచ్చిన గుమాస్తా మాత్రం ‘నాన్‌ముల్కీ’ అయ్యాడు. దూరం నుంచి వచ్చిన పరభాషీయుడు పరాయివాడు కాకపోవడం, దగ్గరి నుంచి వచ్చిన స్వభాషీయుడు పరాయివాడు కావడం ఎలా సంభవించింది? ఈ ప్రశ్నకు దొరికే సమాధానం సాహిత్య విమర్శకు కూడా ఉపయోగపడుతుంది.

2. ముల్కీ: మాట, నిబంధన

‘ముల్క్’ అరబ్బీ పదం. రాజ్యం, దేశం అని అర్థం. ముల్కీ అంటే దేశీయుడు. హైదరాబాదు సంస్థానంలో ఈ మాటకు రాజకీయ బరువు వచ్చింది మొదటి సాలార్‌జంగ్ కాలంలో. పరిపాలనను ఆధునికీకరించే క్రమంలో ఆయన ఉత్తర భారతం నుంచి విద్యావంతులను రప్పించాడు. 1880లలో పారశీకం స్థానంలో ఉర్దూ అధికారభాష అయింది. అక్కడి నుంచి వచ్చిన అధికారులకు ఉర్దూ సొంతభాష. ఇంగ్లీషు చదువు అదనపు బలం. స్థానిక ఉన్నతవర్గాల అసంతృప్తి ముల్కీ, గైర్ ముల్కీ వివాదంగా మారింది. గమనించవలసిన విషయం, ఆ మొదటి వివాదంలో ఉభయపక్షాలూ ఉర్దూ మాట్లాడేవారే.

1919లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో ముల్కీ నిబంధనలు స్థిరపడ్డాయి. పుట్టుకతో సంస్థాన ప్రజ అయినవారు ముల్కీలు. బయటి నుంచి వచ్చినవారు 15 ఏళ్లు స్థిరనివాసం ఉండి, పూర్వస్థలానికి తిరిగి వెళ్ళే ఆలోచన విడిచిపెట్టామని ప్రమాణపత్రం ఇస్తే ముల్కీలు కావచ్చు. ఈ రెండో షరతు సాహిత్య విద్యార్థికి ఆసక్తి కలిగించేది. రాజ్యం కోరినది కేవలం నివాసం కాదు, మనస్సులోని ఒక సంకల్పం. తిరిగి వెళ్ళాలన్న కోరికను చంపుకున్నట్లు వలస వచ్చినవాడు కాగితం మీద చెప్పాలి. నవలాకారుడు వందల పుటల్లో తరచి చూసే సందిగ్ధాన్ని నిబంధన ఒక్క సంతకంతో ముగించింది.

1948 సెప్టెంబరు పోలీసుచర్య తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. ఉస్మానియాలో బోధనామాధ్యమం కూడా మారింది. ఉర్దూలో చదువుకున్న తెలంగాణ యువకులు తమ సొంత రాజ్యంలో ఒక్కసారిగా అర్హత తక్కువైనవారయ్యారు. మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన ఇంగ్లీషు చదువరులు కొలువుల్లో చేరారు. బోగస్ ముల్కీ సర్టిఫికెట్లపై ఆరోపణలు వచ్చాయి. 1952లో వరంగల్లులో మొదలైన విద్యార్థి నిరసన హైదరాబాదుకు పాకి, సెప్టెంబరు 3, 4 తేదీల్లో సిటీ కళాశాల పరిసరాల్లో పోలీసు కాల్పులకు దారితీసింది. ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అన్న నినాదం ఆనాటిదే. ఆ నినాదం దక్షిణాది తిండిని గుర్తుగా ఎంచుకుంది. భాషను గుర్తుగా ఎంచుకోవడం అప్పటికి సాధ్యం కాదు. వచ్చినవారిలో చాలామంది భాష తెలుగే.

3. ఒకే భాష, ఒకే కొలువు

1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణ ఉద్యోగాలకు, మిగులు నిధులకు రక్షణలు హామీ ఇచ్చింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. విశాలాంధ్ర వాదానికి పునాది ఏకభాష. ఒకే భాష మాట్లాడేవారికి ఒకే రాష్ట్రం ఉండాలన్న సూత్రం, ఆ భాష మాట్లాడేవాడు రాష్ట్రంలో ఎక్కడికైనా హక్కుగా వెళ్ళవచ్చునన్న అర్థాన్ని కూడా తెచ్చింది. పోటీలో గెలిపించింది ఇంగ్లీషు. వచ్చే హక్కును ఇచ్చింది తెలుగు. ఈ రెండింటి కలయికే తెలంగాణ నిరుద్యోగ యువకుడికి ఎదురైన చిక్కు. బెంగాలీ శాస్త్రవేత్త అతని కొలువు అడగలేదు. తెలుగు గుమాస్తా అడిగాడు, సోదరుణ్ణని చెబుతూ అడిగాడు.

1969 ఉద్యమక్రమం సుపరిచితమే. రక్షణల ఉల్లంఘనపై పాల్వంచ, ఖమ్మం ప్రాంతాల్లో మొదలైన నిరసన జనవరికల్లా ఉస్మానియాను చేరింది. మార్చి 28న సుప్రీంకోర్టు, 1957 నాటి ప్రభుత్వోద్యోగ నివాసార్హత చట్టంలోని తెలంగాణ నిబంధనను కొట్టివేసింది. ఆ ఉద్యమంలో 369 మంది మరణించారని ఉద్యమ శ్రేణులు చెబుతాయి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి 14 స్థానాల్లో 10 గెలిచింది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పగా, ఆ తీర్పుకు వ్యతిరేకంగా జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరుసూత్రాల పథకం వచ్చింది. ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో 15 ఏళ్ల నివాసం స్థానంలో నాలుగేళ్ల చదువు స్థానికతకు ప్రధానమైన కొలమానమైంది.

ఈ అర్ధశతాబ్దపు చట్టచరిత్రలో ఒక అంశం మారలేదు. స్థానికత ప్రశ్న తలెత్తినది కొలువు దగ్గరనే. అది తలెత్తిన చోటు విశ్వవిద్యాలయమే. పట్టాలు ఇచ్చేది విశ్వవిద్యాలయం, ఆ పట్టాలకు తగిన పెద్ద యజమాని ప్రభుత్వం. ఈ రెంటి మధ్య దూరం పెరిగినప్పుడల్లా ప్రాంగణం కదిలింది.

4. ‘చిల్లర దేవుళ్లు’: వచ్చినవాడి కళ్లతో

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల వెలువడినది ముల్కీ వివాదం వేడిమీద ఉన్న కాలంలోనే. కథాకాలం మాత్రం నిజాం పాలన నాటిది. ఆంధ్ర ప్రాంతం నుంచి జీవిక వెతుక్కుంటూ తెలంగాణ పల్లెకు వచ్చిన సంగీతకారుడు పాణి. అతని రాకతో కథ నడుస్తుంది. దొర గడి, కరణం పెత్తనం, ఆడబాపల బతుకు, వెట్టి, వీటన్నిటినీ పాఠకుడు చాలావరకు పాణి దిగ్భ్రాంతితో పాటే చూస్తాడు.

ఈ నవలను తెలంగాణ సామాజిక చరిత్రకు పత్రంగా విమర్శకులు విస్తృతంగా చర్చించారు. పాత్రల సంభాషణల్లో తెలంగాణ పలుకుబడికి రంగాచార్య ఇచ్చిన స్థానం కూడా చర్చకు వచ్చింది. పాణి వలసజీవి అన్న అంశం మాత్రం కథనసౌలభ్యంగా పక్కకు జరిగింది. బయటివాడు వస్తేనే లోపలి విషయాలు వివరించడానికి వీలు కలుగుతుందన్నది ఆ వ్యాఖ్యానం. అది నిజమే, కాని అసంపూర్ణం.

పాణి రాకను ముల్కీ చూపుతో చదివితే మరొక అర్థం తేలుతుంది. అతనూ బతుకుతెరువు కోసం వచ్చినవాడే. అతని తెలుగు వేరు, అలవాట్లు వేరు. అయినా నవల అతణ్ణి పరాయివాడిగా నిలబెట్టి అనుమానించదు; బాధితులకు సానుభూతి చూపగల సాక్షిగా మలుస్తుంది. ‘చిల్లర దేవుళ్లు’ అన్న బిరుదు పొందినవారు ఆ ఊరి దొర, ఆ ఊరి కరణం. వారు పుట్టుకతో ముల్కీలు. నిబంధనల ప్రకారం ఏ ప్రమాణపత్రమూ ఇవ్వనక్కరలేనివారు. బయటివారిపై నినాదాలు వినిపిస్తున్న కాలంలో, పీడన లోపలి నుంచే వస్తుందని ఒక తెలంగాణ రచయిత రాసిన నవల ఇది.

దీన్ని ఉద్యమ వ్యతిరేకతగా చదవడం తొందరపాటు. పాణికి ఆదరణ దొరకడానికి నవలలోనే కారణం ఉంది. ఆ పల్లెలో అతను ఎవరి కొలువూ అడగడం లేదు. సంగీతం నేర్పే పనికి అక్కడ పోటీదారు లేడు. గుమాస్తా కుర్చీ, తహసీలు కచేరీ ఉద్యోగం, ఉపాధ్యాయ పదవి అతనికీ స్థానిక యువకుడికీ మధ్య వచ్చి ఉంటే పాణి కథ మరోలా నడిచేదేమో. అంటే, నాన్‌ముల్కీ భావన సాంస్కృతిక భేదం నుంచి నేరుగా పుట్టదు. ఒకే పదవికి ఇద్దరు నిలబడిన చోట పుట్టి, ఆ తర్వాత సాంస్కృతిక భేదాన్ని ఆధారంగా చేసుకుంటుంది. తెలంగాణ నవల ఈ సంగతిని ప్రతిపాదించలేదు. పాణిని సృష్టించి చూపించింది.

5. ‘అంపశయ్య’: ప్రాంగణంలోకి వచ్చిన పల్లె

నవీన్ ‘అంపశయ్య’ 1969లో వెలువడింది. ఉస్మానియా హాస్టల్లో ఉండి చదువుకుంటున్న రవి జీవితంలో ఒకే ఒక్క రోజు ఈ నవలకు వస్తువు. చైతన్యస్రవంతి శిల్పానికి తెలుగులో ప్రముఖ ఉదాహరణగా దీన్ని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. విమర్శ అంతా సింహభాగం శిల్పం మీదే నడిచింది. జేమ్స్ జాయిస్‌తో పోలికలు, కాలస్వరూపం, అంతర్ముఖత వంటి విషయాలపై ఎంతో రాశారు.

శిల్పచర్చ మధ్యలో రవి ఎవరన్న సంగతి మరుగునపడింది. అతను పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ; కుటుంబం పేదది. ఇంటి పరిస్థితిపై బెంగ, చదువుపై భయం, ప్రేమ, కాంక్ష, తోటివారి ముందు ఆత్మన్యూనత అతని ఆలోచనల్లో ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ముల్కీ చట్టం దృష్టిలో రవి సంపూర్ణ స్థానికుడు. ప్రాంగణం దృష్టిలో అతను అప్పుడే వచ్చినవాడు. పల్లె నుంచి నగరానికి వచ్చిన విద్యార్థి కూడా వలసజీవే అన్న గుర్తింపు లేకుండా ‘అంపశయ్య’లోని ఆందోళనను కేవలం యవ్వనసహజమైన మనఃస్థితిగా చదవడం అర్థపాఠం మాత్రమే.

నవల సృష్టించిన కాలం ఉద్యమానికి ముందుది. అందువల్ల రవి వేదనకు సామూహికమైన పేరు లేదు. తన పేదరికానికి, న్యూనతకు అతను కారణాన్ని తనలోనే వెతుక్కుంటాడు. నవల అచ్చులో వచ్చిన సంవత్సరంలోనే రవి వంటి వేలమంది ఆ హాస్టళ్ల నుంచి బయటికి వచ్చి ఆ వేదనకు ఒక పేరు పెట్టారు. వ్యక్తి మనస్సులోని అపరాధభావం సమష్టి ఆరోపణగా మారింది. ఇది చిన్న మార్పు కాదు. తప్పు తనది కాదని తెలుసుకోవడం విముక్తి. తప్పంతా వచ్చినవాడిదే అనుకోవడం ఆ విముక్తిలోని పరిమితి. ‘అంపశయ్య’ను 1969తో కలిపి చదివితే ఈ రెండూ కనిపిస్తాయి; విడదీసి చదివితే ఒక మానసిక నవల, ఒక రాజకీయ ఘటన మిగులుతాయి.

6. పత్రం స్థానంలో పలుకుబడి

ముల్కీ నిబంధనలు రద్దయిన తర్వాత స్థానికతను చెప్పే భారం క్రమంగా భాష మీద పడింది. దీనికి పూర్వరంగం పాతదే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న వ్యాఖ్యకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. అందులో 354 మంది కవులు చోటుచేసుకున్నారు. అది సాహిత్య సంకలనం, అదే సమయంలో హాజరుపట్టీ. మేమూ ఉన్నామని చెప్పడం దాని లక్ష్యం. ఆ కవులు రాసిన తెలుగు ఎక్కువగా గ్రాంథికమే. ‘మేమూ మీలాగే రాయగలం’ అన్నది ఆనాటి వాదం.

2000 తర్వాతి ఉద్యమదశలో వాదం తిరగబడింది. కాళోజీ చాలాకాలంగా ప్రజల పలుకుబడి పక్షాన చేస్తూ వచ్చిన వాదనకు కొత్త తరం కవిత్వం ఆచరణరూపం ఇచ్చింది. ‘పొక్కిలి’, ‘మత్తడి’ వంటి సంకలనాల పేర్లే ఇందుకు సాక్ష్యం. చెరువు నిండి నీరు పొర్లిపోయే చోటు మత్తడి. ఆ మాట తెలిసినవాడికి చెరువుకట్ట కళ్లముందు నిలుస్తుంది. తెలియనివాడు అడిగి తెలుసుకోవాలి. ‘మేము మీలా రాయం’ అన్నది ఈ దశ వాదం. 2014 తర్వాత కాళోజీ జయంతి సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినోత్సవంగా ప్రభుత్వం జరుపుతోంది.

ఒకే భాష మాట్లాడేవారి నడుమ పోటీ ఏర్పడినప్పుడు ఆ భాషలోని భేదమే సరిహద్దు అవుతుంది. సినిమాల్లో విదూషకుడికీ ప్రతినాయకుడికీ తెలంగాణ యాస పెట్టి దశాబ్దాలుగా జరిగిన అవమానం ఈ సరిహద్దును మరింత లోతు చేసింది. మాండలిక కవిత్వం ఆ అవమానానికి న్యాయమైన జవాబు. అయితే మాండలికం ముల్కీ సర్టిఫికెట్ చేసిన పనినే చేసినప్పుడు, దాని లోపాన్ని కూడా వారసత్వంగా పొందింది. సర్టిఫికెట్ వచ్చినవాడిని ఆపడానికి పుట్టింది. వెళ్ళిపోయినవాడిని వెనక్కి పిలిచే శక్తి దానికి లేదు.

7. వెళ్ళినవారు

నగరంలో కొలువుల కోసం పోరాటం సాగుతున్న దశాబ్దాల్లోనే తెలంగాణ పల్లెలు ఖాళీ అవుతున్నాయి. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి గుంపు మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి తీసుకుపోయిన కూలీలు దేశంలోని పెద్ద ప్రాజెక్టులెన్నో కట్టారు. ‘పాలమూరు లేబర్’ అన్నది ఒక జిల్లా పేరును కూలికి పర్యాయపదం చేసిన మాట. కరీంనగర్, వరంగల్, నల్గొండ నేతపనివారు భివండి, షోలాపూర్, సూరత్ మగ్గాల దగ్గరకు చేరారు. ముంబయిలోని కామాఠిపుర పేరు తెలుగు కామాఠీ కూలీల నుంచి వచ్చినదే. 1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు మొదలయ్యాక కరీంనగర్, నిజామాబాద్ పల్లెలు అటు దారిపట్టాయి.

రాక, పోక రెండూ ఒకే ఆర్థికక్రమానికి రెండు కొసలు. గోదావరి, కృష్ణా ఆనకట్టల కింద పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి పోగైన వ్యవసాయ మిగులు కొత్త భూములను వెతికింది. నిజాంసాగర్ కట్టాక కోస్తా రైతులు నిజామాబాద్ ప్రాంతంలో భూములు కొని ‘క్యాంపులు’ వేసుకున్నారు. తుంగభద్ర కింద కర్ణాటకలోనూ అలాంటి క్యాంపులే వెలిశాయి. నీరున్న చోటికి పెట్టుబడి ఉన్నవాడు వచ్చాడు. నీరులేని చోటి నుంచి కూలి వెళ్ళాడు. ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అన్న మలిదశ నినాదం ఈ రెండు కొసలనూ ఒకచోట ముడివేసింది. 1969 ప్రధానంగా నియామకాల ఉద్యమం. నీళ్లు అన్న మొదటి మాటతో పాలమూరు కూలీ ఉద్యమ పదజాలంలోకి వచ్చాడు.

సాహిత్యంలో ఇతని రాక ఆలస్యంగా జరిగింది. ‘కుబుసం’ చిత్రంలోని గోరటి వెంకన్న పాట చేతివృత్తులు కూలిన పల్లెను ప్రతి ఇంటికీ వినిపించింది. పెద్దింటి అశోక్ కుమార్ ‘ఎడారి మంటలు’ గల్ఫ్ వలసను నవలావస్తువు చేసింది. ఈ రచనలను విమర్శ ఆదరించింది, కాని వేరే అరలో ఉంచింది. ‘డయాస్పోరా సాహిత్యం’ అనగానే అమెరికా తెలుగు కథ గుర్తుకు రావడం, గల్ఫ్ కథ ‘ప్రాంతీయ వలస సాహిత్యం’లోకి జారిపోవడం పరిశోధనాంశాల ఎంపికలోనూ కనిపించే ధోరణి. విమానమెక్కి పరదేశం వెళ్ళిన ఇద్దరిలో ఒకడు ప్రవాసి, మరొకడు వలసకూలీ. ఈ వర్గీకరణకు కొలమానం దూరం కాదు, చదువు. ఇక్కడా ముల్కీ చూపే పనిచేస్తోంది: పట్టా ఉన్నవాడే గుర్తింపుకు అర్హుడు.

గల్ఫ్ తెలుగులో ‘కల్లివెల్లి’ అన్న మాట ఉంది. యజమాని దగ్గర నుంచి తప్పుకుని, సరైన కాగితాలు లేకుండా పనిచేసేవాడి స్థితిని అది చెబుతుంది. అరబ్బీ వాడుక నుంచి వచ్చిన ఈ మాట ఉత్తర తెలంగాణ పల్లెల్లో అందరికీ తెలుసు. మరొక అరబ్బీ మాట నితాఖత్. సౌదీ అరేబియా 2011లో ప్రవేశపెట్టిన ఈ విధానం ప్రకారం ప్రతి సంస్థా నిర్ణీత నిష్పత్తిలో సౌదీ పౌరులకు కొలువులివ్వాలి. 2013లో దాని అమలు కఠినమైనప్పుడు తెలంగాణ కార్మికులు కూడా తిరిగి రావలసి వచ్చింది. అదే 2013లో, జులై 30న కాంగ్రెస్ కార్యవర్గం తెలంగాణ తీర్మానం చేసింది. అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఒక ప్రజాసమూహం తన ఇంట స్థానికుల హక్కును గెలుచుకుంటున్న నెలల్లోనే, ఆ సమూహంలోని పేదలు మరొకరి ఇంట స్థానికుల హక్కు ముందు ఓడిపోయి వెనుదిరిగారు. ముల్కీ, నితాఖత్ రెండూ స్థానికుడి కొలువును కాపాడే నియమాలే. ఒకదాని పక్కన మరొకదాన్ని పెట్టి చదివిన తెలుగు విమర్శ అరుదు.

చదువుకున్నవారికీ ఈ అనుభవం తప్పలేదు. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కన్సాస్ రాష్ట్రంలో, హైదరాబాదు నుంచి వెళ్ళిన తెలుగు ఇంజనీరు పరాయివాడన్న ద్వేషానికి బలయ్యాడు. 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. తమ కొలువులు బయటివారు తీసుకుపోతున్నారని అక్కడి యువకుడు చెప్పే మాట ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద పెరిగినవారికి కొత్తది కాదు.

8. అభ్యంతరాలు

ఈ పఠనంపై రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: తెలంగాణ వాదాన్ని విదేశాల్లోని వలస వ్యతిరేకతతో సమానం చేయడం న్యాయం కాదు. ఇది బలమైన అభ్యంతరం. తెలంగాణ కోరినది ఒప్పందాల అమలు. 1956లో రాసి ఇచ్చిన రక్షణలు ఉల్లంఘనకు గురయ్యాయని ప్రభుత్వాలే పలుమార్లు అంగీకరించాయి. స్థానికేతరులను వెనక్కి పంపడానికి 1985లో వెలువడిన 610 జీవో అందుకు నిదర్శనం. బలవంతుడు బలహీనుణ్ణి వెళ్ళగొట్టడం, బలహీనుడు తన వాటాను కాపాడుకోవడం ఒకటి కావు. ఈ వ్యాసం ఆ రెంటినీ సమానం చేయడం లేదు. న్యాయమైన కోరిక కూడా కొందరిని మాత్రమే చూడగల కొలమానాన్ని వాడినప్పుడు, మిగిలినవారిని చూడవలసిన బాధ్యత సాహిత్యానిదని మాత్రమే చెబుతోంది.

రెండవది: రాష్ట్రం ఏర్పడిన తర్వాత ముల్కీ చర్చ చరిత్రలో కలిసిపోయింది కదా అన్నది. వాస్తవం అలా లేదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి ఏడు తరగతుల మధ్య నాలుగేళ్లు ఎక్కడ చదివితే అభ్యర్థి అక్కడి స్థానికుడు. భివండిలో మగ్గం నడుపుతున్న నేతకార్మికుడి బిడ్డ ఏడో తరగతి దాకా అక్కడే చదివితే, సిరిసిల్లకు తిరిగి వచ్చాక తన స్థానికతను నిరూపించుకోవడం కష్టం. వచ్చినవాడిని ఆపడానికి కట్టిన గోడ తిరిగి వస్తున్నవాడిని ఆపుతుంది. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో కింద ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు, సొంత జిల్లా దాటి వెళ్ళవలసి వచ్చిన ఉపాధ్యాయులు ఆందోళన చేశారు. సరిహద్దు రాష్ట్రం నుంచి జిల్లాకు కుదించుకుపోయింది. గ్రూప్‌-1 ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయినప్పుడు ఉస్మానియా హాస్టళ్లలో పెల్లుబికిన ఆవేదనలో బయటివాడు ఎవరూ లేరు. వచ్చినవాడిని తొలగించినా కొలువుల కొరత మిగిలే ఉందన్నదానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

9. ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. నాన్‌ముల్కీ భావనకు ఆధారం దూరమూ పరభాషా కాదు. ఒకే భాషలో ఒకే కొలువుకు ఏర్పడిన పోటీ. ఆ భావన 1973 వరకు పత్రాన్ని, తర్వాత చదివిన సంవత్సరాలను, సాహిత్యంలో మాండలికాన్ని సరిహద్దుగా వాడుకుంది. కొలువు చుట్టూ కట్టిన ఆ సరిహద్దు, కొలువు ఆశే లేని పాలమూరు కూలీని, భివండి నేతన్నను, గల్ఫ్ కార్మికుడిని లెక్కలోకి తీసుకోలేదు. నవల ఈ పరిమితిని దాటగలిగింది. పాణి బయటివాడై ఉండి లోపలి పీడనను చూశాడు. రవి స్థానికుడై ఉండి ప్రాంగణంలో పరాయితనం అనుభవించాడు. ఈ రెండు పాత్రలనూ వలసజీవులుగా చదవకపోవడం విమర్శలోని లోపం, నవలల లోపం కాదు.

ఈ దిశలో పరిశోధనకు తగిన విషయాలు చాలా ఉన్నాయి. నిజామాబాద్, సింధనూరు క్యాంపుల్లో పుట్టిపెరిగిన తరం రాసిన తెలుగు, గల్ఫ్ నుంచి వచ్చిన అరబ్బీ మాటలు పల్లె వాడుకలో పొందిన అర్థాలు, ముంబయి, సూరత్, భివండి తెలుగువారి పాటలు, ఉత్తరాలు సేకరణకు ఎదురుచూస్తున్నాయి. శ్రీకాకుళం నుంచి హైదరాబాదు భవన నిర్మాణానికి వచ్చే కూలీకి, పాలమూరు నుంచి ముంబయికి వెళ్ళే కూలీకి మధ్య ప్రాంతభేదం కంటే వర్గసామ్యం ఎక్కువ. వారిద్దరి కథలను పక్కపక్కన పెట్టిన అధ్యయనం అవసరం. తెలంగాణ సాహిత్యం, ప్రవాస సాహిత్యం, వలస సాహిత్యం అనే మూడు పాఠ్యాంశాలు ఒకే తరగతిలో కలుసుకున్నప్పుడే, ఒకే కుటుంబంలో అన్న హాస్టల్లో నోటిఫికేషన్ కోసం, తమ్ముడు దుబాయిలో వీసా కోసం ఎందుకు ఎదురుచూస్తున్నారో తెలుగు విమర్శ చెప్పగలుగుతుంది.